24 అడుగుల ట్రావెల్ ట్రైలర్‌కి డీజిల్ హీటర్: ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి, పాత ఫర్నేస్‌ని ఎందుకు పీకకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఉండేది డెన్వర్ దగ్గర. 24 అడుగుల పాత ట్రావెల్ ట్రైలర్ కొన్నారు. అక్టోబరు నుంచి మార్చి దాకా నెలకోసారి, కరెంటు కనెక్షన్ లేని చోట, సుమారు 9,000 అడుగుల ఎత్తున రెండేసి రాత్రులు గడుపుతారు. ప్రొపేన్ ఫర్నేస్ తెల్లారేసరికి బ్యాటరీని పిండేస్తోంది, 20 పౌన్ల సిలిండరు రెండు రోజులు రావడమే గగనంగా ఉంది. ఆన్‌లైన్లో దొరికే "8 కిలోవాట్ల" చైనా డీజిల్ హీటర్ బిగించి ఫర్నేస్ తీసేయొచ్చా? లోపల పిల్లలు పడుకుంటారు, ప్రమాదమా?

సూటిగా చెప్తాను. డీజిల్ హీటర్ పెట్టుకోండి, మీ అవసరానికి అది సరైనదే. ఫర్నేస్‌ని మాత్రం తీయకండి. డీజిల్ హీటర్ మనుషుల్ని వెచ్చగా ఉంచుతుంది కానీ ట్రైలర్ కింద ఉన్న నీళ్ల పైపుల్ని, ట్యాంకుల్ని పట్టించుకోదు. ఇక ప్రమాదం సంగతి: సరిగ్గా బిగిస్తే మంట వైపు గాలి, గదిలో గాలి ఎక్కడా కలవవు. తప్పు బిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) లోపలికి వస్తుంది. ఈ రెంటికీ తేడా చాలావరకు ఒక్క జాయింట్ దగ్గరే ఉంటుంది, దాని గురించి కింద వివరంగా రాస్తాను.

ముందు ఆ 8 కిలోవాట్ల మాట. పేరు గొప్ప ఊరు దిబ్బ. 2 కిలోవాట్ల చిన్న సైజు వేరుగా ఉంటుంది. "5", "8" అని అమ్మేవి మాత్రం చాలావరకు లోపల ఒకటే యంత్రం, స్టిక్కరు మారుతుందంతే. నమ్మకపోతే పంపు మీద లెక్క వేసి చూడండి. కిట్‌లో వచ్చే పంపు సాధారణంగా 22 రకం, అంటే వెయ్యి దెబ్బలకు 22 మిల్లీలీటర్లు పోస్తుంది. గరిష్ఠం 5 హెర్ట్జ్ (సెకనుకు 5 దెబ్బలు) అనుకుంటే గంటకు 18,000 దెబ్బలు, అంటే 396 మిల్లీలీటర్ల డీజిల్. లీటరు డీజిల్‌లో సుమారు 10 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. అందులో 80 శాతం గదిలోకి వచ్చిందనుకున్నా 3.2 కిలోవాట్లు. 8 కిలోవాట్లు రావాలంటే గంటకు లీటరు తాగాలి, ఆ డబ్బాకి అంత నోరు లేదు.

మరి మీకు ఎంత కావాలి? 24 అడుగుల ట్రైలర్ గోడలు, పైకప్పు, నేల కలిపి 70 చదరపు మీటర్ల పైచిలుకు ఉపరితలం. గోడలో ఒకటిన్నర అంగుళాల ఫైబర్‌గ్లాస్ దూది తప్ప ఏమీ ఉండదు. బయట 20 డిగ్రీల ఫారెన్‌హీట్ (మైనస్ 7 సెల్సియస్), లోపల 68 (20 సెల్సియస్) కావాలంటే గోడల నుంచి పోయే వేడి 2.2 కిలోవాట్ల దాకా ఉంటుంది. కిటికీలు, సందులు కలుపుకుంటే 2.7 నుంచి 3. బయట సున్నా ఫారెన్‌హీట్‌కి పడిపోతే 4 కిలోవాట్ల దగ్గరికి వెళ్తుంది. అంటే 5 అని రాసున్న హీటర్ మామూలు చలికి సరిపోతుంది, గడ్డ కట్టించే రాత్రికి ఒంటరిగా చాలదు. పైగా ఎత్తు ప్రదేశంలో డీజిల్ తగ్గించి నడపాలి, అప్పుడు దాని బలం ఇంకా తగ్గుతుంది. ఫర్నేస్ ఉంచుకోమనడానికి ఇదొక కారణం. మీ ట్రైలర్ సైజులో ఉండే 30,000 బీటీయూల ఫర్నేస్ అంటే లోపలికి సుమారు 7 కిలోవాట్లు, తెల్లవారుజామున పావుగంటలో గదిని వేడెక్కించగలదు.

బ్యాటరీ విషయంలో మాత్రం డీజిల్‌దే పైచేయి. ఫర్నేస్ ఫ్యాను నడుస్తున్నంతసేపూ 7, 8 ఆంపియర్లు లాగుతుంది. రాత్రి 12 గంటల్లో సగం సేపు నడిచినా 45 ఆంపియర్ అవర్లు, మామూలు లెడ్ బ్యాటరీలో వాడుకోదగ్గదంతా దానికే సరి. డీజిల్ హీటర్ అంటుకునేటప్పుడు గ్లో ప్లగ్గు (డీజిల్‌ని వెలిగించే వేడి కడ్డీ) కోసం రెండు మూడు నిమిషాలు 8 నుంచి 10 ఆంపియర్లు తీసుకుంటుంది. తర్వాత సగటున ఒకటి, ఒకటిన్నర. రాత్రంతా కలిపి 20 లోపే. డీజిల్ ఖర్చు మధ్యస్థంగా నడిపితే గంటకు పావు లీటరు, కాబట్టి 10 లీటర్ల ట్యాంకు మీ రెండు రాత్రులకూ వచ్చి మిగులుతుంది.

ఎక్కడ పెట్టాలి. నెలకోసారి వెళ్లేవారికి నా సలహా, నేలకి రంధ్రం కొట్టకుండా బయట పెట్టే రకం కొనమని. హీటరు, ట్యాంకు, పంపు అన్నీ ఒకే ఇనుప పెట్టెలో బిగించి వస్తాయి. ట్రైలర్ పక్కన నేల మీద పెట్టి, 75 మిల్లీమీటర్ల డక్టులు రెండు లోపలికి తీసుకెళ్లాలి. ఒకటి వేడిగాలి పంపడానికి, ఇంకోటి లోపలి గాలిని వెనక్కి లాక్కోవడానికి. రెండోది మానేయకండి. అది లేకపోతే హీటరు మైనస్ 7 డిగ్రీల బయటి గాలిని ప్రతిసారీ మొదట్నుంచీ వేడి చేయాలి, సగం కష్టం వృథా. అంతకన్నా పెద్ద సంగతి, పెట్టె దగ్గరే పొగ గొట్టం కూడా ఉంటుంది కాబట్టి బయటి గాలిని పీల్చే నోరు ఆ పొగని కూడా పీల్చి తిన్నగా పిల్లల మంచం దగ్గర వదులుతుంది. వెనక్కి వచ్చే డక్టు ఉంటే గదిలో గాలే గుండ్రంగా తిరుగుతుంది. డక్టులు మీటరున్నర మించకుండా, పైన ఇన్సులేషన్ తొడిగి పెట్టండి. సామాన్ల అర తలుపుకి సరిపోయేలా రెండంగుళాల గట్టి ఫోమ్ పలక కోసి, అందులో రెండు రంధ్రాలు చేస్తే చాలు, ట్రైలర్ ఒంటి మీద గీత పడదు. ఫోమ్‌కి వేడి డక్టు నేరుగా తగలకుండా చుట్టూ రేకు ఉంగరం వేయండి, మంచాల కింద ఆ అరలోకి డీజిల్ డబ్బా పెట్టకండి.

పెట్టెని ట్రైలర్ ముందు కొక్కెం మీద, ప్రొపేన్ సిలిండర్ల పక్కన పెడదామని చాలామందికి అనిపిస్తుంది, ఖాళీ అక్కడే కనిపిస్తుంది మరి. వద్దు. గ్యాసు సిలిండరు పక్కన మంట, బాగా కాలే గొట్టం ఉండకూడదు. వెనక బంపరు వైపు గానీ, సిలిండర్లకు దూరంగా పక్కన గానీ పెట్టండి. కింద ఎండుగడ్డి లేకుండా చూసి ఒక సిమెంటు పలక వేయండి. పొగ గొట్టం 200 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ దాకా కాలుతుంది, కొలరాడోలో నిప్పు ఆంక్షలు ఎంత కఠినంగా ఉంటాయో మీకు తెలిసిందే.

ప్రతి వారాంతం వెళ్తారు, బిగించేయాలి అనుకుంటే మాత్రం భోజనాల బల్ల (డైనెట్) కింద గానీ, మంచం కింద గానీ, బయటి గోడకి దగ్గరగా ఉన్న చోటు మేలు. ఇది తొందరపడే పని కాదు.

ముందు కిందికి దూరి అండర్‌బెల్లీ (పైపుల్ని, ట్యాంకుల్ని మూసి ఉంచే ట్రైలర్ పొట్ట) పలకను ఒక మూల విప్పి చూడండి. మీరు కొట్టబోయే చోట ఛాసిస్ దూలం, కరెంటు తీగ, నీళ్ల ప్లాస్టిక్ (పెక్స్) పైపు, గ్యాసు పైపు ఏదీ లేదని కంటితో చూశాకే రంధ్రం. లోపల్నుంచి 3 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టు దించి, కింద ఎక్కడ బయటపడిందో చూడటం అలవాటు చేసుకోండి. ట్రైలర్ నేల ప్లైవుడ్డు, దూది, ప్లాస్టిక్ పలక కలిపి రెండు మూడంగుళాల మందం ఉంటుంది. కిట్‌లో వచ్చే సన్నటి రేకు ప్లేటుకి ఆ మందం అందదు. అందుకని టరెట్ అనే ఎత్తు తక్కువ అల్యూమినియం గుండ్రటి పెట్టె విడిగా కొనాలి. దీని మీద హీటరు కూర్చుంటుంది, పొగ గొట్టం, మంటకు గాలి తెచ్చే గొట్టం, డీజిల్ పైపు మూడూ దీని లోపల్నుంచి నేల కిందికి దిగుతాయి. టరెట్‌కి పట్టేంత రంధ్రం కోసి, కోసిన చెక్క అంచుకి రేకు తొడుగు వేసి, హీటరుతో వచ్చే మందపాటి గాస్కెట్ కింద పెట్టి బిగించండి.

ఇదిగో, పైన చెప్పిన జాయింటు ఇదే. పొగ గొట్టం హీటరుకి తొడిగే చోటు నేల అడుగు భాగాన, బయటి గాలిలో ఉండాలి. గదిలో గానీ, సామాన్ల అరలో గానీ ఉండకూడదు. మంట చల్లారినా, క్లాంపు వదులైనా, గొట్టం పగిలినా, ఆ జాయింటు బయట ఉంటే పొగ బయటే పోతుంది. కిట్‌లో వచ్చే సైలెన్సరు సందులు గాలి చొరబడేలా ఉంటాయి, అది లోపల వాడదగ్గ వస్తువు కాదు. హీటరుని గోడకి అడ్డంగా బిగించి పొగ గొట్టాన్ని బీరువాలోంచి తిప్పి గోడ బయటికి తీసే వీడియోలు చాలా ఉన్నాయి. పిల్లలున్న ట్రైలర్‌లో అది నేను ఒప్పుకోను.

గొట్టం కిందకి వచ్చాక దారంతా వాలుగా ఉండాలి. డీజిల్ మండితే నీళ్లు కూడా పుడతాయి, ఎక్కడైనా గుంటలా వంగితే అక్కడ నిలిచి, రాత్రికి గడ్డకట్టి, దారి మూసేస్తుంది. సైలెన్సరుని అట్టడుగున పెట్టి, దానికి ఉన్న చిన్న నీళ్ల రంధ్రం కిందికి ఉండేలా తిప్పండి. లేకపోతే 3 మిల్లీమీటర్ల రంధ్రం మీరే కొట్టండి. అండర్‌బెల్లీ పలక పాలీప్రొపిలీన్, 160 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. కాబట్టి గొట్టం దాటే చోట పలకను చుట్టూ రెండంగుళాలు కోసి రేకు పెట్టండి, గొట్టానికి వేడి తట్టే పట్టీ చుట్టండి. ఇక చివర ట్రైలర్ కింద ఆగిపోకూడదు. పక్క అంచు దాటి బయటికి రావాలి, మూతి కిందికో వెనక్కో చూడాలి, కిటికీకి, తలుపుకి, ఫ్రిజ్ గాలి రంధ్రాలకి దూరంగా ఉండాలి. మంచు పడ్డ రోజున ట్రైలర్ చుట్టూ గోడ కట్టినట్టు అవుతుంది, అడుగున వదిలిన పొగ అక్కడే ఇరుక్కుని నేల సందుల్లోంచి పైకి వస్తుంది. పొద్దునా రాత్రీ గొట్టం మూతి దగ్గర మంచు తీసేయాల్సిందే.

మంటకు గాలి తెచ్చే గొట్టం మూతి పొగ మూతికి దూరంగా, వీలైతే అవతలి వైపు ఉండాలి. తన పొగ తనే పీలిస్తే రెండు రోజుల్లో మసి పట్టేస్తుంది.

ఇంకొకటి, పెద్దగా ఎవరూ చెప్పనిది. కిటికీలన్నీ మూసి వంటింటి చిమ్నీ ఫ్యానో, పైకప్పు ఫ్యానో బయటికి తోసేలా వేస్తే గదిలో గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఆ లోటు నేల సందుల్లోంచి తీర్చుకుంటుంది, నేల కింద ఏముందో అదే లోపలికి వస్తుంది. ఫ్యాను వేస్తే ఎదురుగా ఒక కిటికీ వేలు పట్టేంత తెరవండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కాదు, రెండు పెట్టండి. పాత ట్రైలర్‌లో ఉన్నదాని వెనక గడువు తేదీ చూడండి, చాలావాటికి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. రెండోది మంచం ఎత్తున, డిజిటల్ అంకె చూపించేది కొనండి. ఎందుకంటే ఈ అలారాలకి అమెరికాలో ఉన్న యూఎల్ 2034 ప్రమాణం ప్రకారం మామూలు అలారం 70 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 70 పాళ్లు) దగ్గర గంట నుంచి నాలుగు గంటల మధ్య ఎప్పుడైనా మోగొచ్చు. 30 పీపీఎం ఉన్నా అది నోరు మెదపదు. అంకె కనిపించేది ఉంటే, సున్నా ఉండాల్సిన చోట 15 కనిపించినా మీరు లేచి వెతుకుతారు.

డీజిల్ లైను. అర్ధరాత్రి హీటరు ఆరిపోయిందన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. కిట్‌లో వచ్చే ఆకుపచ్చ మెత్తటి పైపు పక్కన పడేయండి. దాని లోపలి వ్యాసం పెద్దది, గోడ మెత్తన. పంపు కొట్టిన ప్రతి దెబ్బనీ అది ఉబ్బి మింగేస్తుంది, బుడగలు చేరతాయి. లోపలి వ్యాసం 2 మిల్లీమీటర్లు ఉన్న గట్టి తెల్ల నైలాన్ పైపు వాడండి. కత్తెరతో నొక్కి కోయకండి, పదునైన బ్లేడుతో నిటారుగా కోయండి. రబ్బరు ముక్కతో రెండు పైపులు కలిపేటప్పుడు లోపల కొనలు ఒకదానికొకటి తగిలేలా తోసి, అటూ ఇటూ చిన్న క్లిప్పులు వేయండి. మధ్యలో ఖాళీ వదిలితే అదే బుడగల గూడు.

పంపు ట్యాంకుకి దగ్గరగా, ఒక మీటరు లోపు ఉండాలి. పడుకోబెట్టకండి. డీజిల్ బయటికొచ్చే కొన పైకి ఉండేలా 15 నుంచి 35 డిగ్రీల వాలులో రబ్బరు పట్టీతో వేలాడదీయండి, బుడగ దానంతట అది పైకి పోతుంది. ఆ రబ్బరే టక్ టక్ శబ్దాన్ని కూడా తగ్గిస్తుంది, ఛాసిస్‌కి నేరుగా బోల్టు వేస్తే రాత్రంతా మంచం కింద గడియారం కొట్టినట్టే. ఫిల్టరు పంపుకి ముందు. ట్యాంకు హీటరు కన్నా ఎత్తులో పెట్టొద్దు. పంపు లోపలి కవాటం కారితే డీజిల్ మెల్లగా మంటగదిలోకి దిగి, మర్నాడు వెలిగించగానే తెల్లటి పొగ వీధంతా కమ్ముతుంది.

ట్యాంకు గది లోపల వద్దు, గదితో సంబంధం లేని బయటి అరలోనో వెనక బంపరు మీదో పెట్టండి. ప్లాస్టిక్ ట్యాంకు అడుగున ఉండే గొట్టం జాయింటు కాలక్రమంలో కారడం మామూలే. పై నుంచి దించే స్టాండ్‌పైప్ పెట్టుకుంటే ఆ బాధ లేదు. అది కూడా అట్టడుగుకి ఆనకుండా ఒక అంగుళం పైన ఆగాలి, లేకపోతే అడుగున చేరిన నీళ్లూ మడ్డీ ముందు అదే తాగుతుంది. మూతకి గాలి రంధ్రం ఉందో లేదో చూడండి. డెన్వర్‌లో మూసిన ట్యాంకు 9,000 అడుగులకి ఎక్కేసరికి ఉబ్బుతుంది, ఆ ఒత్తిడి పంపు మీద పడుతుంది.

ఇంధనం: రోడ్డు మీద దొరికే నంబర్ 2 డీజిల్ 15, 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే మబ్బు పట్టి మైనం కడుతుంది. శీతాకాలంలో ఆ ప్రాంతపు బంకుల్లో కలిపిన డీజిల్ అమ్ముతారు. అందుకే వేసవిలో నింపిన డబ్బా వాడకుండా, వెళ్లే ముందే కొత్తగా కొనండి. సున్నా ఫారెన్‌హీట్ కిందికి పోయే రోజుల్లో నంబర్ 1 డీజిల్ గానీ 1-కె కిరోసిన్ గానీ వాడొచ్చు, హీటరుకి రెండూ పడతాయి. డీజిల్‌కి పసుపు డబ్బా, కిరోసిన్‌కి నీలం. ఎర్ర డబ్బాలో పెట్రోలు ఉంటుంది, అది పొరపాటున కూడా ఇందులో పడకూడదు.

కరెంటు తీగ. కిట్ తీగ సన్నం, సుమారు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లు. బ్యాటరీ ట్రైలర్ ముందు, హీటరు వెనక అనుకోండి. 5 మీటర్లు అటూ 5 మీటర్లు ఇటూ, 10 ఆంపియర్ల దగ్గర 1.2 వోల్టులు తీగలోనే పోతాయి. చలికి బ్యాటరీ ఇప్పటికే 12.2 చూపిస్తుంటే, గ్లో ప్లగ్గుకి అందేది 11. అది సరిగ్గా ఎర్రబడదు, అంటుకోదు. కంట్రోలర్ మీద ఈ-10 వస్తుంది (చాలా మోడళ్లలో వెలగలేదు అని అర్థం, ఈ-8 అంటే వెలిగి ఆరిపోయింది అని). జనం ప్లగ్గు మారుస్తారు, పంపు మారుస్తారు, తీగ సంగతి చూడరు. 10 గేజి రాగి తీగ వేస్తే నష్టం మూడో వంతు కన్నా తక్కువకి దిగుతుంది. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, కిట్‌తో వచ్చిన సైజులోనే. ట్రైలర్ పాత ఫ్యూజు పెట్టె నుంచి కాకుండా నేరుగా బ్యాటరీ నుంచి తీయండి.

ఆపడం కంట్రోలర్ మీటతోనే. మీట నొక్కాక ఫ్యాను ఇంకో మూడు నుంచి ఐదు నిమిషాలు తిరిగి లోపలి ఎర్రటి లోహాన్ని చల్లారుస్తుంది. మెయిన్ స్విచ్చి తీసేసి కరెంటు తెగ్గొడితే ఆ వేడంతా ప్లాస్టిక్ ఫ్యాను, సర్క్యూట్ బోర్డు మీదికి పోతుంది. లిథియం బ్యాటరీ ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు ఉంది, ఛార్జి అడుగంటితే బీఎంఎస్ (బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్) చెప్పా పెట్టకుండా ఇదే పని చేస్తుంది. పడుకునే ముందు ఛార్జి చూసుకోండి.

ఎత్తు. 9,000 అడుగుల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి 70 శాతం చిల్లర. డీజిల్ మాత్రం పంపు అదే కొలతలో పోస్తూ ఉంటుంది. ఆక్సిజన్ చాలక సగం కాలి, మసి కడుతుంది. ఎత్తుని పసిగట్టే సెన్సరు ఉన్న మోడల్ కొనండి, మీ అవసరానికి కొంచెం ఎక్కువ డబ్బు పెట్టాల్సింది అక్కడే. లేకపోతే కంట్రోలర్ లోపలి మెనూలో (చాలావాటికి సంకేతం 1688) పంపు వేగం గరిష్ఠం 5.0 ఉంటే 4.0 కి, 3.8 కి దించండి, ఫ్యాను వేగం తగ్గించకండి. కనిష్ఠాన్ని మరీ తగ్గిస్తే మంట ఆరిపోతుంది, అక్కడ 0.2 చొప్పున దించి చూడండి. పొగ గొట్టం మూతి చూస్తే తెలుస్తుంది. ఏమీ కనిపించకపోతే బాగుంది. నల్లగా వస్తే డీజిల్ ఎక్కువ. వెలిగాక కూడా తెల్లగా, ఘాటుగా వస్తుంటే డీజిల్ మండకుండా ఆవిరవుతోంది. మెనూ తెరుచుకోని కంట్రోలర్ అయితే 22 పంపు తీసి 16 పంపు వేయడం ఒక దారి, ఒక్కసారిగా 27 శాతం తగ్గుతుంది.

మసి పట్టడానికి ఎత్తు ఒక్కటే కారణం కాదు. చిన్న మంట మీద గంటల తరబడి నడపడం అంతకన్నా చెడ్డది. ఈ హీటరు మామూలు ఫర్నేస్‌లా ఆరి వెలగదు, పెద్దదీ చిన్నదీ అవుతుంది. గది వేడెక్కాక కనిష్ఠానికి దిగి రాత్రంతా పొగలు కక్కుతూ కూర్చుంటుంది. అందుకే గది ఉక్కగా ఉంటే మంట తగ్గించడం కన్నా కిటికీ కాస్త తెరవండి, నలుగురి ఊపిరి తేమ కూడా పోతుంది. రోజూ ఆపే ముందు 20 నిమిషాలు పూర్తి మంట మీద నడపండి. సీజను చివర ఒక లీటరు కిరోసిన్ అదే తీరున తాగించండి. వేసవిలో కూడా నెలకోసారి పావుగంట వెలిగించండి. అంటుకోవడానికి మామూలు కన్నా ఎక్కువ సమయం తీసుకుంటుంటే గ్లో ప్లగ్గు విప్పి, దాని గూట్లో ఉండే చిన్న తీగ జల్లెడని మార్చండి. గోటితో పోయే పని ఇది. వదిలేస్తే మంటగది మొత్తం విప్పి గీరాలి, కొత్త గాస్కెట్లు వేయాలి.

కొత్త హీటరుని మొదటిసారి పడుకునే రాత్రి వెలిగించకండి. ఇంటి ముందు, తలుపులన్నీ తెరిచి, గంటసేపు పూర్తి మంట మీద నడపండి, లోపలి నూనె, రంగు కాలి వాసన పోతుంది. లైను నింపేటప్పుడు డీజిల్ హీటరుకి రెండంగుళాల దూరం రాగానే ఆపేయండి, మొత్తం తోస్తే మంటగది మునుగుతుంది.

ఇక ట్రైలర్ పొట్ట. ఫర్నేస్ ఎందుకు ఉంచుకోమన్నానో ఇక్కడుంది. పొట్ట మూసి ఉన్న చాలా ట్రైలర్లలో కట్టినప్పుడే ఫర్నేస్ డక్టులోంచి ఒక పాయని అండర్‌బెల్లీలోకి వదులుతారు, నీళ్ల ట్యాంకులు, కవాటాలు ఆ వేడి మీద బతుకుతాయి. మీరు డీజిల్ హీటరు వేసి గదిని 68 కి తెచ్చారనుకోండి, ఫర్నేస్ థర్మోస్టాట్ గోడ మీద ఉంది, అదీ 68 చూస్తుంది, ఫర్నేస్ రాత్రంతా వెలగదు. పైన మీరు హాయిగా పడుకుంటారు, కింద డ్రెయిన్ కవాటం పగులుతుంది. ఫర్నేస్‌ని 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పెట్టి ఉంచాం కదా అనే ధీమా కూడా పనికిరాదు, అది డీజిల్ హీటరు ఆగిపోతే మనుషుల్ని కాపాడటానికే. దానికోసం అలాగే పెట్టి ఉంచండి, కానీ పైపులకి వేరే ఏర్పాటు కావాలి.

రెండు రాత్రులకే వెళ్తారు కాబట్టి మీకు తేలికైన దారి, నీళ్ల వ్యవస్థ మొత్తం ఖాళీ చేసి గులాబీ రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ (ట్రైలర్ పైపుల్లో పోసే, గడ్డకట్టని ద్రవం) పోసేసి, తాగడానికీ వంటకీ డబ్బాల్లో నీళ్లు తీసుకెళ్లడం. టాయిలెట్‌కి కూడా ఆ యాంటీఫ్రీజే పోసుకోవచ్చు. నేనైతే ఇదే చేయమంటాను. కుళాయి నీళ్లు కావాల్సిందే అంటే, మంచం కింద నేలకి రంధ్రం చేసి నాలుగంగుళాల 12 వోల్టుల చిన్న ఫ్యాను బిగించి, గదిలో వెచ్చటి గాలిని పొట్టలోకి తోయండి. ట్యాంకు పక్కన సెన్సరు పెట్టి 38 ఫారెన్‌హీట్ దగ్గర ఫ్యాను తిరిగి 45 దగ్గర ఆగేలా పది డాలర్ల థర్మోస్టాట్ తగిలించండి. తోసిన గాలి చల్లబడి గదిలోకి తిరిగొచ్చేందుకు ఇంకో చివర రెండో రంధ్రం కావాలి, లేకపోతే ఫ్యాను తిరుగుతుంది, గాలి కదలదు. ట్యాంకుల కింద అంటించే 12 వోల్టుల హీటింగ్ ప్యాడ్లు కూడా ఉన్నాయి కానీ ఫర్నేస్ ఫ్యాను కన్నా ఎక్కువ కరెంటు తాగొచ్చు. మళ్లీ బ్యాటరీ సమస్య మొదటికొస్తుంది.

డీజిల్ డక్టుని ఫర్నేస్ డక్టులోకి కలిపేస్తే రెండూ తీరతాయి కదా అని అడుగుతారేమో. ఈ హీటరు ఫ్యానుకి అంత తోపు లేదు, గాలి తేలికైన దారిలో ఫర్నేస్ గుండా వెనక్కి వచ్చేస్తుంది, డక్టులో అడ్డు ఎక్కువై హీటరు వేడెక్కి ఆగిపోతుంది. దాని డక్టు దానికి విడిగా, పొట్టిగా, వంపులు తక్కువగా ఉండాలి.

ప్రయాణంలో, పెట్రోలు బంకులో హీటరు ఆపేయండి. ఇన్సూరెన్స్ కంపెనీకి ముందుగా ఒక మెయిలు పెట్టి అడగండి, మీరే బిగించుకున్న హీటరు గురించి వాళ్ల మాట రాతపూర్వకంగా మీ దగ్గర ఉండాలి. ట్రైలర్ మోడల్, ఫర్నేస్ ఎక్కడుందో ఒక ఫొటో, అండర్‌బెల్లీ కింద నుంచి ఒక ఫొటో పెడితే రంధ్రం ఎక్కడ కొట్టాలో, అసలు కొట్టాలో వద్దో కచ్చితంగా చెప్పగలను.